పోగు కన్నా ముందే విరిగే ముల్లు

రాయలసీమ బీళ్ళలో మేసి వచ్చిన గొర్రెల ఉన్నిలో మరులమాతంగి కాయలు చిక్కుకుంటాయి. ఒళ్ళంతా కొక్కేల్లా వంగిన ముళ్ళున్నా ఈ కాయకు బట్టల పనిలో చోటు దొరకలేదు. ఐరోపాలో టీజిల్ అనే మొక్క ముళ్ళగుత్తి మాత్రం వందల ఏళ్ళపాటు ఉన్నిబట్టకు నూగు లేపింది. తేడా ముల్లు పదునులో లేదు. మరులమాతంగి కొక్కెం విత్తనాన్ని జంతువు మీద మోయించుకుపోవడానికి ఏర్పడింది. పట్టిందంటే వదలదు, కాయే తొడిమ నుంచి ఊడి వస్తుంది. టీజిల్ కొక్కెం గుత్తిని అంటిపెట్టుకునే ఉంటుంది. పోగును పట్టి, వంగి, వదిలేస్తుంది. ఆ వంపు కూడా రైతు నిలబెట్టిన గుణమే. అడవి టీజిల్ ముళ్ళు నిటారుగా ఉంటాయి, ఈ పనికి సరిగా ఒదగవు. వెనక్కి వంగిన ముళ్ళ రకాన్నే పొలాల్లో పెంచుతూ వచ్చారు. అందుకే దీన్ని అడవిలో దొరికిన వస్తువు అనడం కన్నా మనిషి తయారుచేసుకున్న పనిముట్టు అనడమే న్యాయం.

టీజిల్‌కు రెండో ఏడు నిలువెత్తు కాడలు లేచి, కోలగుండ్రని గుత్తులు కాస్తాయి. అవి ఎండాక చిన్న చట్రంలో బిగించి, వేలాడదీసిన తడిబట్టను చేత్తో దువ్వేవారు. లేచిన నూగును పెద్ద కత్తెరలతో సమం చేసేవారు. తర్వాత అవే గుత్తులను పట్టీల్లో వరసగా కూర్చి, తిరిగే పీపాకు బిగించారు. అదే గిగ్ మిల్లు. బట్ట చెడుతుందంటూ ఇంగ్లండు 1551లో దాన్ని నిషేధించింది. ఆ నిషేధంతో సహా పాత ఉన్ని చట్టాలు 1809లో రద్దయ్యాయి. తమ పని యంత్రాలకు పోతోందని 1812లో యార్క్‌షైర్ కత్తెరపనివాళ్ళు మిల్లుల మీద దాడులు చేశారు. చట్టాలు మారినా, చేతిపని యంత్రానికి పోయినా, బట్టను తాకే చోట ఉన్నది ఎండిన ముల్లే.

ఉక్కుతీగల యంత్రం వచ్చాక ఈ ముల్లు గొప్పేమిటని అడగవచ్చు. ప్రశ్న సబబే. టీజిల్ అరుగుతుంది, అన్ని గుత్తులూ ఒక్క కొలతలో ఉండవు, తడికి మెత్తబడితే తీసి ఆరబెట్టాలి. 19వ శతాబ్దం నుంచి చాలా మిల్లులు తీగకే మారాయి. నూలు ఫ్లానెల్‌కు తీగే చాలు. సన్నని ఉన్ని సంగతి వేరు. కొక్కెం ముడి దగ్గర ఇరుక్కుంటే రెండింటిలో బలహీనమైనదే తెగాలి. ఉక్కయితే పోగు తెగుతుంది, టీజిలయితే ముల్లు విరుగుతుంది. తీగను స్ప్రింగులా వంగేట్టు చేయవచ్చు గదా అంటే, అది వంగినా విరగదు, ముడిని మళ్ళీ లాగుతుంది. స్కాట్లాండులో జాన్‌స్టన్స్ ఆఫ్ ఎల్గిన్ మిల్లు కాష్మియర్ ఉన్నికి టీజిల్‌ను వదలకపోవడం పాతదనం మీది మోజు కాదు.

మన కురుబల కంబళికి దీని అవసరం రాలేదు. దక్కనీ గొర్రె ఉన్ని ముతక. దాని నూగును లేపడానికి బదులు చింతగింజల గంజితో అణిచారు. ప్రొద్దుటూరు మగ్గాల పడుగుకూ కావలసింది గంజే. పోగును తెంచని పన్ను మాత్రం శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉంది. అక్కడి ఆడవాళ్ళు పత్తిని వాలుగచేప దవడతో దువ్వుతారు. దవడ మీది సన్నని పళ్ళు చెత్తను విడదీసి, పీచును చక్కగా సాగదీస్తాయి; ఆ పత్తితోనే నూరో నంబరు దాకా సన్ననూలు వడుకుతారు. పొందూరుకైనా ప్రొద్దుటూరుకైనా కొత్త యంత్రం తెచ్చేవాళ్ళు ముందు అక్కడి పోగు ఎంత లాగుడుకు తెగుతుందో కొలవాలి, ఆ తర్వాతే పన్నును ఎంచుకోవాలి.