ముందు గ్రాములు, ఆ తర్వాతే క్యాలిబర్

అమెరికాలో 2024 నాటికి 29 రాష్ట్రాల్లో, చట్టం నిషేధించని పెద్దవాళ్లెవరైనా పర్మిట్ లేకుండానే పిస్తోలును బట్టల చాటున పెట్టుకుని తిరగవచ్చు. టెక్సాస్ 2021 సెప్టెంబరు 1న ఆ వరుసలో చేరింది. అప్పుడు అక్కడ కనీస వయసు 21. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల కూడా పర్మిట్ కోసం ప్రత్యేకమైన కారణం చూపాల్సిన పని తప్పింది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీ ఎడిసన్‌లోనో గ్యాస్ స్టేషనో లిక్కర్ స్టోరో నడుపుతూ రాత్రి పదకొండింటికి గల్లాపెట్టె మూసే మనవాళ్లకు ఈ ఊసు కొత్తేమీ కాదు. గన్ షాపులో అడుగు పెట్టగానే మొదలయ్యే వాదన మాత్రం ఎప్పుడూ ఒకటే: 9 ఎంఎం మంచిదా, .45 మంచిదా? నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది బరువు, రెండోది మందం.

ఎందుకో తెలుసుకోవడానికి ఇంటర్ ఫిజిక్స్ చాలు. సాధారణ 9 ఎంఎం గుండు బరువు 115 గ్రెయిన్లు, అంటే దాదాపు 7.45 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 350 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దాని శక్తి సుమారు 456 జౌళ్లు. .45 ఏసీపీ గుండు సరిగ్గా రెట్టింపు బరువు, 230 గ్రెయిన్లు. కానీ నెమ్మది, సెకనుకు 255 మీటర్లు. శక్తి 484 జౌళ్లు. నూటికి ఆరు ఎక్కువ, అంతే. గర్జించే .45కీ, సన్నగా కనిపించే 9 ఎంఎంకీ మధ్య ఇంత తక్కువ తేడానా అని చాలామంది నమ్మరు.

తేడా ఉన్నది చేతి వైపు. తుపాకీ వెనక్కి తన్నడం గుండు శక్తిని బట్టి కాదు, దాని ద్రవ్యవేగాన్ని బట్టి ఉంటుంది. 600 గ్రాముల ఒకే పిస్తోలు రెండు తూటాలనూ పేలుస్తుందనుకుందాం. మందు పొగ తోపును పక్కన పెట్టి లెక్క కడితే 9 ఎంఎంకు చేతిలోకి వచ్చే తన్ను 5.7 జౌళ్లు, .45కు 12. ముందుకు వెళ్లేది ఇంచుమించు సమానం, వెనక్కి వచ్చేది రెట్టింపు. 180 గ్రెయిన్ల .40 ఎస్&డబ్ల్యూ కూడా 10 జౌళ్లు దాటుతుంది. రెండో తూటాకు గురి మళ్లీ ఎంత త్వరగా కుదురుతుందన్నది ఈ అంకెలోనే ఉంది.

ఈ లెక్క అమెరికా ప్రభుత్వానికే తెలిసి రావడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో 8 మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు కాల్పులకు దిగారు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. మొదట్లోనే ఒక 9 ఎంఎం గుండు ఒక దొంగ చేతిలోంచి ఛాతీలోకి దూసుకుపోయి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా పోరాడుతూనే ఉన్నాడు. తప్పు తూటాదని సంస్థ తేల్చింది. ముందు 10 ఎంఎంకు వెళ్లింది. దాని తన్ను చాలామంది చేతులు తట్టుకోలేనిది కావడంతో మందు తగ్గించారు. మందే తగ్గిస్తే అంత పొడవు తూటా ఎందుకన్న ఆలోచనతో 1990లో .40 పుట్టింది. దేశంలో ఎన్నో పోలీసు శాఖలు దాని వెంట పడ్డాయి.

ఆ గొడవలో మిగిలిన మంచి ఒక్కటుంది: కొలబద్ద. పరీక్ష జెలటిన్ దిమ్మెలో గుండు 12 అంగుళాలకు తగ్గకుండా, 18 దాటకుండా ఆగాలని ఎఫ్‌బీఐ నియమం పెట్టింది. తక్కువైతే పని జరగదు, ఎక్కువైతే వెనక నిలబడ్డ అమాయకుడికి తగులుతుంది. తూటా కంపెనీలు ఆ కొలతకు తగ్గట్టు లోపలికి వెళ్లాక విచ్చుకునే హాలో పాయింట్ గుండ్లను మెరుగుపరిచాయి. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే లెక్కలు తిరగేసి, మంచి గుండు వాడితే 9 ఎంఎం, .40, .45ల మధ్య గాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ, ఎక్కువమంది 9 ఎంఎంతోనే వేగంగా, గురిగా కాలుస్తున్నారనీ రాసింది. అందులోనే ఇంకో అంకె ఉంది: నిజమైన కాల్పుల్లో పోలీసులు పేల్చే తూటాల్లో 70 నుంచి 80 శాతం గురి తప్పుతాయి. శిక్షణ పొందినవాళ్ల సంగతే ఇది. తగలని .45 కన్నా తగిలే 9 ఎంఎం మేలని చెప్పడానికి ఇక వేరే వాదన అక్కర్లేదు. పైగా సాధన తూటాలు 9 ఎంఎంలోనే చవక, నెల నెలా షూటింగ్ రేంజికి వెళ్లేవాడికి అది చిన్న విషయం కాదు.

సరే, 9 ఎంఎం అనుకుందాం. ఏ పిస్తోలు? 1988లో వచ్చిన గ్లాక్ 19 ఖాళీగా 600 గ్రాములు, 15 తూటాలు నింపితే 850 గ్రాములకు చేరుతుంది. మందం దాదాపు 34 మిల్లీమీటర్లు. నడుముకు కిలో కందిపప్పు పొట్లం కట్టుకుని రోజంతా కౌంటర్ దగ్గర నిలబడటానికి ఇది కొంచెం తక్కువ. మొదటి వారం ఉత్సాహం ఉంటుంది, రెండో నెలకు అది కారు డ్యాష్‌బోర్డులోకి చేరుతుంది. కార్ల అద్దాలు పగలగొట్టే దొంగలకు కావలసిందీ అదే. 2018లో వచ్చిన సిగ్ పీ365 ఈ లెక్కను మార్చింది: 500 గ్రాములు, మందం 27 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 10 తూటాలు. అంతకు ముందు ఆ కొలతలో ఆరేడు తూటాలే పట్టేవి. చొక్కా కింద బయటపడేది గొట్టం పొడవు కాదు, పిడి పొడవు. వంగినప్పుడు పొడుచుకొచ్చేది అదే. పీ365 ఎత్తు 109 మిల్లీమీటర్లు, గ్లాక్ 19ది 128.

ఇంకా చిన్నది కావాలనే ఆశే తప్పుదోవ పట్టిస్తుంది. రూగర్ ఎల్‌సీపీ దాదాపు 270 గ్రాములే, నిక్కరు జేబులో పట్టేస్తుంది. పేల్చేది .380, శక్తి 260 జౌళ్లే. పాపం చిన్నది, తన్నదనుకుంటారు. పైన వేసిన లెక్కే వేయండి: తన్ను 5.9 జౌళ్లు, గ్లాక్ 19లో 9 ఎంఎం కన్నా కాస్త ఎక్కువే! శక్తి దాదాపు సగానికి తగ్గింది, బాధ తగ్గలేదు. ఇంట్లో ఆడవాళ్ల కోసమని భర్తలు కొని తెచ్చేది తరచూ ఇలాంటి బుల్లి పిస్తోలే. అది అర్థం లేని ప్రేమ. చేతుల్లో బలం తక్కువైనవాళ్లకు స్లైడు సులువుగా వెనక్కి లాగగలిగే పిస్తోళ్లు వేరే ఉన్నాయి, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ లాంటివి. ఐదు తూటాల .38 రివాల్వర్‌కు స్లైడు బాధ లేదు, కానీ ట్రిగ్గర్ నొక్కడానికి ఐదు కిలోలకు పైగా బలం కావాలి. గ్లాక్‌కు రెండున్నర కిలోలు చాలు. అందుకే గ్లాక్ తరహావి ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా నడుముకు పెట్టుకోకూడదు, హ్యాండ్‌బ్యాగులో విడిగా అసలే వేయకూడదు.

గన్ షాపు గోడల మీద రాయని అంకెలు కొన్ని ఉన్నాయి. 2021లో అమెరికాలో తుపాకీతో పోయినవాళ్లు 48,830 మంది. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పిస్తోలున్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం లేనివాళ్లకన్నా 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు ఉంది. ఇంట్లో డిప్రెషన్‌తో బాధపడేవాళ్లుంటే, పిల్లలుంటే, క్యాలిబర్ గురించి తలబద్దలు కొట్టుకునే ముందు గన్ సేఫ్ కొనాలి. కొందరి విషయంలో పిస్తోలే కొనకపోవడం సరైన నిర్ణయం.

చట్టం కూడా అంకెలతోనే మాట్లాడుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌కు 10 తూటాలే పరిమితి, అక్కడ గ్లాక్ 19 పదిహేను గొప్ప చెల్లదు. న్యూజెర్సీలో హాలో పాయింట్‌ను ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ నింపుకుని వీధిలో తిరగడం నేరం. అన్నిటికన్నా ముందు చూడాల్సింది వీసా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడితో సరదాగా రేంజికి వెళ్లి అద్దె పిస్తోలు చేతిలోకి తీసుకున్నా ఆ చట్టం పరిధిలోకి రావచ్చు. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

గ్రీన్‌కార్డుదారులకు చిక్కు వేరే చోట ఉంది. భారతదేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోర్, ఇక్కడి పౌరులకు లైసెన్సు మీద సాధారణంగా దొరికేది .32. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన 500 గ్రాముల నిర్భీక్ రివాల్వర్ కూడా అదే బోర్. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. రేంజికి తీసుకెళ్లిన బ్యాగు అడుగున మరిచిపోయిన తూటా మన విమానాశ్రయాల స్కానర్లో బయటపడి, పెళ్లికని వచ్చినవాళ్లు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన సందర్భాలున్నాయి. రేంజి బ్యాగును ప్రయాణానికి వాడకండి, అడుగు గుడ్డ ఎత్తి చూశాక కూడా.