పెద్ద చదువు, చిన్న కొలువు: అసంతృప్తి ఎక్కడ మొదలవుతుంది?

ఉత్తరప్రదేశ్ సచివాలయంలో 368 బంట్రోతు పోస్టులకు 2015లో దాదాపు 23 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఐదో తరగతి చదివి, సైకిల్ తొక్కడం వస్తే చాలన్న ఆ ఉద్యోగాలకు పోటీపడినవారిలో 255 మందికి పీహెచ్‌డీ పట్టా ఉంది. ఇలాంటి వార్త వెలువడినప్పుడల్లా చర్చ నిరుద్యోగం దగ్గరే ఆగిపోతుంది. అలా ఎంపికై చేరినవారు ఆ పనిలో తృప్తిగా ఉంటారా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

యాజమాన్యాలు అధిక అర్హతను అనుమానంగానే చూస్తాయి. పంజాబ్ నేషనల్ బ్యాంకు బంట్రోతు నియామకాల్లో పట్టభద్రులు అనర్హులన్న నిబంధన పెట్టింది. డిగ్రీని దాచిపెట్టి ఎంపికైన అభ్యర్థికి ఒడిశా హైకోర్టులో ఊరట లభించినా, 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అర్హతను నిర్ణయించే అధికారం యాజమాన్యానిదేనని, వాస్తవాన్ని దాచినవారు నియామకాన్ని హక్కుగా కోరలేరని స్పష్టం చేసింది.

అయితే అసంతృప్తికి మూలం పట్టా ఒక్కటే కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైనికులపై శామ్యూల్ స్టౌఫర్ బృందం జరిపిన అధ్యయనం 1949లో వెలువడింది. పదోన్నతులు వేగంగా దక్కే వైమానిక దళంలోకంటే, అరుదుగా దక్కే మిలిటరీ పోలీసు విభాగంలోనే వాటిపై అసంతృప్తి తక్కువని అందులో తేలింది. మనిషి తన స్థితిని పక్కవాడితో పోల్చి కొలుచుకుంటాడు. సామాజిక శాస్త్రవేత్తలు దీన్ని ‘సాపేక్ష వంచన’ అంటారు.

ఆఫీసు రాజకీయాలు ఈ పోలికకు పదును పెడతాయి. తెలుగులో ఉద్యోగానికీ, రాజసభకూ ‘కొలువు’ అన్న ఒకే మాట ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. పై అధికారి తానా అంటే తందానా అనేవారికే పదోన్నతి దక్కుతోందన్న అభిప్రాయం ఏర్పడితే, దాని ప్రభావం అందరిపైనా పడుతుంది. ఈ అభిప్రాయమే తృప్తిని తగ్గించి, ఉద్యోగం వదిలే ఆలోచన పెంచుతుందని జెరాల్డ్ ఫెర్రిస్ తదితరులు 1989 నుంచి వివరిస్తున్నారు. అర్హత ఎక్కువన్న భావన ఉన్నవారికి గాయం రెండింతలు. చదువుకు తగిన పని లేదు, పనికి తగిన గుర్తింపూ లేదు.

తుర్కియేలోని ఒక దుస్తుల దుకాణాల సంస్థలో బెర్రిన్ ఎర్డోగన్, తాల్యా బాయర్ చేసిన పరిశోధన 2009లో మరో కోణం చూపింది. తమ అర్హత ఎక్కువని భావించిన సిబ్బంది అమ్మకాల్లో ముందున్నారు. పనిలో సొంత నిర్ణయాలకు వీలున్నచోట వారి అసంతృప్తి తగ్గింది కూడా. అంటే యాజమాన్యాలు భయపడే ఫలితం తప్పనిసరి కాదు.

ఆచరణలో ఒక చిక్కుంది. ఎక్కువ చదివిన గుమాస్తాకు అధికారి అదనపు బాధ్యత అప్పగించినప్పుడు, అది ఏ ప్రాతిపదికన ఇచ్చారో మిగతావారికి తెలియకపోతే, పక్క బల్ల దగ్గరి ఉద్యోగి కంటికి అదే ఆశ్రిత పక్షపాతంగా కనిపిస్తుంది.