కొమ్మకు మూడు కోతలు

‘తుపాన్లు మొదలయ్యేలోగా ఇంటి చెట్ల మీద ముఖచిత్ర కథనం కావాలి. శుక్రవారానికి అందాలి’ అన్నారు ఎడిటర్‌గారు. ఆయన మనసులో ఉన్నది విశాఖ వీధులు. నేను మాత్రం కొండల్లోని గూడెం కొత్తవీధి బస్సెక్కాను. చెట్టెక్కి పనిచేయడం చిన్నప్పటి నుంచి అలవాటైన మనుషులు అక్కడున్నారు. పైగా సిల్వర్‌ ఓక్‌ నీడన కాఫీ, ఆ ఓక్‌ మానునే అల్లుకుని మిరియాల తీగ... ఆ తోటలంటే నాకు ఎప్పటి నుంచో మమకారం.

వెళ్లింది తోట కోసం. రోజంతా నిలబెట్టేసింది మాత్రం ఓ కాఫీ రైతు పెరట్లోని పనస చెట్టు. దాని కొమ్మ ఒకటి, తొడంత లావున, ఇంటి రేకుల మీదికి వాలింది. రైతు మేనల్లుడు నడుముకు తాడు కట్టుకుని, రంపంతో పైకెక్కాడు.

‘ముందు అడుగున కొయ్యి అల్లుడూ, లేదంటే తోలు ఒలుచుకుపోద్ది’ అన్నాడు రైతు కింద నుంచి.

‘అలాగే మామా.’

మొదటి కోత మానుకు మూరెడు ఇవతల, కొమ్మ అడుగు నుంచి పైకి, మందంలో మూడో వంతు దాకా. రెండో కోత దానికి బెత్తెడు అవతల, పై నుంచి కిందికి. కొమ్మను ముందే పైకొమ్మకు తాడేసి కట్టారు. ఫెళ్లున విరిగి, రేకులకు తగలకుండా గాల్లో వేలాడింది. కింద ఇద్దరు తాడు వదులుతూ మెల్లగా నేలకు దించారు. బెరడు మొదటి కోత దగ్గరే తెగి ఆగిపోయింది. మానుకు చిన్న గీత కూడా పడలేదు.

ఇక మూడో కోత. కొమ్మ మానులో కలిసేచోట చుట్టూ కడియంలా ఉబ్బు ఉంటుంది. మిగిలిన మొండిని ఆ ఉబ్బుకు ఆనుకుని, ఉబ్బు మాత్రం తెగకుండా కోశాడు. తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా కారాయి.

రైతు నన్ను చెట్టు అవతలి వైపుకు తీసుకెళ్లాడు. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో గొడ్డలితో ఉబ్బుతో సహా నరికేసిన చోటది. ఇప్పుడు తొర్ర. చెయ్యి పెడితే మణికట్టు దాకా వెళ్లింది. వేళ్లకు నల్లటి పొట్టు అంటుకుంది. దానికి బారెడు పైన, సరిగ్గా కోసిన మరో పాత కొమ్మ గుర్తు. చుట్టూ కొత్త చెక్క పెదవిలా ముందుకొచ్చి దాదాపు మూసుకుపోయింది. ఒకే మాను, రెండు కోతలు. పెద్ద గాలొస్తే మాను విరిగేది ఆ తొర్ర దగ్గరే.

ఈ తేడాకు కారణం చెప్పినవాడు అమెరికా అటవీ సర్వీసు శాస్త్రవేత్త అలెక్స్‌ షైగో. చెట్లను రంపంతో నిలువునా చీల్చి, పుచ్చు ఎలా పాకుతుందో ఏళ్ల తరబడి చూశాడు. 1977లో తన సిద్ధాంతాన్ని ప్రచురించాడు. మన ఒంటి మీద గాయంలా చెట్టు గాయం మానదు. దెబ్బతిన్న భాగం చుట్టూ చెట్టు లోపల అడ్డుగోడ కట్టుకుంటుంది, పైన కొత్త చెక్కతో కప్పుకుంటుంది. కొమ్మ మొదట్లో ఆ గోడకు చోటు ఉబ్బే. దాన్ని నరికితే పుచ్చుకు దారిచ్చినట్టే. గాయానికి తారు పూసినా పుచ్చు ఆగదని కూడా ఆయన తేల్చాడు.

కొండల చరిత్ర రెండు ముక్కల్లో: గూడెం కొండలు 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటం సాగిన నేల. ఇక్కడికి కాఫీ వచ్చింది, దానికి నీడగా ఆస్ట్రేలియా చెట్టు సిల్వర్‌ ఓక్‌ వచ్చింది. మండలంలోని ఆర్‌.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2022లో ఈ ప్రాంతం కొత్త అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది.

హుద్‌హుద్‌ తుపాను మాట రాగానే రైతు గొంతు తగ్గింది. 2014 అక్టోబరు 12న, గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ దగ్గర తీరం దాటిందది. నగరంలో తురాయి, కొండచింత చెట్లు వేళ్లతో సహా వీధుల్లో పడ్డాయి. కొండల మీద సిల్వర్‌ ఓక్‌లు విరిగి కాఫీ మొక్కల మీద కూలాయి. నీడ పోతే అరబికా ఎండకు వాడుతుంది, ఎండ తగిలిన మొక్కనే తెల్లకాండం తొలిచే పురుగు ఎక్కువగా పడుతుంది. అలా గాలి ఒక్కరోజు వీస్తే, నష్టం ఏళ్ల పాటు నడిచింది. కింది కొమ్మలన్నీ తీసేస్తే గుబురంతా కొసకు చేరి, గాలి పట్టు అక్కడే పడుతుందని రైతు అంటాడు. చెట్ల వైద్యులు చెప్పేదీ ఇదే.

మీ ఇంటి చెట్టును చూడండి

• రెండు మానులు ఇరుకుగా ‘వి’ ఆకారంలో కలిశాయా? మధ్యలో బెరడు చిక్కుకుందా? గాలికి చీలేది అక్కడే.

• మొదలు దగ్గర పుట్టగొడుగులు, నేల పగుళ్లు, ఒకవైపు లేచిన మట్టి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

• చెట్టు తల కొట్టేయకండి. మోడు నుంచి గుంపుగా లేచే చిగుళ్లకు పట్టు తక్కువ.

• ఏడాదిలో పచ్చని గుబురులో నాలుగో వంతుకు మించి తీయొద్దు.

• మొదలు చుట్టూ సిమెంటు వేయొద్దు. పైపుల కోసం పెద్ద వేర్లు నరకొద్దు.

• కరెంటు తీగల దగ్గర కొమ్మను ముట్టుకోవద్దు, 1912కు ఫోన్‌ చేయండి.

• చెట్టు కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

బయటి దేశాల్లో చెట్ల సంరక్షణ పరీక్ష రాసి చేసే వృత్తి. 1924లో అమెరికాలో మొదలైన చెట్ల సంరక్షకుల సంఘం 1992 నుంచి ధ్రువపత్రాలిస్తోంది. మన దగ్గర చెట్టు కూలాక గొడ్డలి పట్టుకున్న మనిషి కోసం వెతుకుతాం. కొండల్లోని ఈ కుర్రాళ్లకు ఎక్కడం వచ్చు, తాడు కట్టడం వచ్చు. హెల్మెట్‌, మంచి తాళ్లు, బీమా, శిక్షణ, సరైన కూలి ఇస్తే ఉత్తరాంధ్ర ఇళ్లకు చెట్ల వైద్యులు ఇక్కడి నుంచే వస్తారు. నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

బయల్దేరేముందు పనసకేసి మరోసారి చూశాను. ఇంకో కొమ్మ కూడా ఇంటి వైపే వంగి ఉంది. పనిలో పనిగా దాన్నీ తీసేయొచ్చు కదా అన్నాను.

కోసిన కొమ్మ ఆకులను మేకలకు వేస్తూ రైతు తల అడ్డంగా ఊపాడు. ‘ఈ యేటికి దీనికిది చాలు.’