ఇంటి కప్పు, వేసవి ఉడుకు



పంట డబ్బు చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఏమిటి? పాత తాటాకు కప్పు పీకించి రేకులు వేయించడం. ఊళ్లో మర్యాద పెరుగుతుంది, సంతోషమే. కాని వైశాఖం వచ్చేసరికి ఇంట్లో ముసలమ్మ మంచం వేపచెట్టు కిందికి లాగించుకుంటుంది. పసిబిడ్డకు ఒళ్లంతా చెమటకాయలు. “ఏమండీ, గోడలు అవే, గుమ్మాలు అవే, ఈ ఉడుకు ఎక్కడిది?” అని అప్పుడు మమ్మల్ని అడుగుతారు.

కప్పునుంచి వచ్చిందే. వేసవిలో సూర్యుడు నడినెత్తిన వుంటాడు. గోడమీద ఎండ ఒక పూటే పడుతుంది. కప్పుమీద పొద్దుటినుంచి సాయంత్రందాకా పడుతూనే వుంటుంది. 2015లో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ పొలంలోనే తగులుతుందని అనుకోకండి. గాలి ఆడని గదిలో, కాలిన రేకు కింద పడుకున్న ముసలివారికి మంచంమీదనే తగలవచ్చు.

తాటాకు, రెల్లుగడ్డి ఎందుకు చల్లగా వుంటాయో చూద్దాం. ఆ మందంలో ఆకు కొంతే, తక్కినదంతా గాలి. కదలకుండా నిలిచిన గాలి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. చలికాలంలో మనం కప్పుకునే దుప్పటి పనే అది, పైది కిందికి మారిందంతే. అయితే గడ్డికి నిప్పు భయం వుంది, ఎలుకలు, చెదలు వున్నాయి, కొన్నేళ్లకొకసారి తిరిగి నేయించాలి. నేసే మనుషులు దొరకడం కష్టమైంది. కోతమిషను వచ్చాక వరిగడ్డి నలిగిపోతున్నది, కప్పుకు పనికిరాదు. కాబట్టి అందరూ పాకల్లోనే వుండండని నేను చెప్పబోను.

రేకు పలచన. ఎండ తగలగానే కాగుతుంది, కాగిన పెనంలాగా కిందికి సెగ కొడుతుంది. పొద్దు కుంకగానే చల్లారుతుంది, అదొక్కటే దానిలో మంచి. శ్లాబు తీరు వేరు. పగలంతా వేడిని మింగి, సాయంత్రంనుంచి అర్ధరాత్రిదాకా కక్కుతుంది. అందుకనే డాబా ఇంటివారు రాత్రి మేడమీదికి ఎక్కుతారు. నాటు పెంకు ఈ రెండింటికంటె మేలు. పెంకుల సందుల్లోనుంచి వేడిగాలి పైకి పోతుంది. కోతులు రాకుండా చూసుకోవాలి గాని!

రాయలసీమ మట్టిమిద్దె సంగతి చెప్పకపోతే అన్యాయం. దూలాలు, దంతెలు, వాటిపై బండలో కట్టెలో పరచి, పైన మందంగా మన్ను తొక్కుతారు. ఆ మందాన్ని దాటి వేడి దిగేసరికి పొద్దు వాలుతుంది. అన్నిటికంటె పైన చౌడుమన్ను వేస్తారు. పొలంలో నీరు ఇంకనివ్వని ఆ గుణమే మిద్దెకు కావలసినది. తడిస్తే బిగిసి వాన దిగనివ్వదు. చేలో చౌడును జిప్సంతో వదిలించండని చెప్పే మేమే మిద్దె మీద దాన్ని మెచ్చుకుంటాము. దానికి ఏటా తొలకరికి ముందు కొత్త మన్ను వేయాలి. గడ్డి మొలవనివ్వకూడదు.

ఇప్పటికే రేకులో శ్లాబో వేసుకున్నవారు ఏం చేయాలి? అన్నిటికంటె చవకైనది సున్నం. తెల్లని కప్పు తనమీద పడిన ఎండలో సగానికి పైగా వెనక్కు కొడుతుంది. మాసి నల్లబడిన శ్లాబు చాలావరకు మింగేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించినది ఈ కిటుకును చూసే. శ్లాబు బాగా ఊడ్చి కడగండి. రాతిసున్నం రాత్రి నానబెట్టి వడగట్టి, కొంచెం తుమ్మబంక కలిపి రెండు మూడు పూతలు వేయండి. సున్నం ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరకు రానీయకండి, కంట్లో పడితే చూపుకే ముప్పు. వానలకు పూత పోతుంది, కనుక ఏటా మాఘ ఫాల్గుణాలలో మళ్లీ వేయాలి.

సిమెంటు రేకుల దగ్గర ఒక హెచ్చరిక. చాలావాటిలో రాతినార వుంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు, క్యాన్సరు కూడా తెస్తుంది. పొడిగా గీకవద్దు, కోయవద్దు, పగిలినవి తడిపి తీయండి.

రేకుకు కింద జానెడు ఎడంలో వెదురు తడకనో ఈతచాపనో కట్టి, ఆ ఎడానికి రెండు చివరలా గాలి తోవ వదిలితే సెగ మంచందాకా రాదు. పొయ్యికి దగ్గర మాత్రం కట్టవద్దు. కొత్తగా వేసేవారు గోడను ఇంకో రెండు మూడడుగులు లేపండి.

పశువుల పాకను మరచిపోకండి. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, తోలు నలుపు. రేకుల కింద కట్టేస్తే రొప్పుతుంది, మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. పాకకు మూడువైపులా గోడ కట్టకుండా వదలండి. పైకి సొరపాదు పాకించండి. పుష్యమాసంలో గింజ నాటి నీళ్లు పోస్తూ వుంటే ఎండలు ముదిరేనాటికి కప్పంతా ఆకు కమ్ముతుంది. కాయలు ఇంట్లోకి, కోసేసిన తీగ ఎరువు గుంటలోకి.