చేతి ఆటయంత్రము చౌకగా వేరే యుండవలయునా?

వేసవి సెలవులకు పట్టణమునుండియో విదేశమునుండియో వచ్చిన మనుమడు అరుగుమీద గూర్చుండి, చిన్న పలకవంటి దానిని రెండు చేతులతో బట్టుకొని, పిలిచినను పలుకక దానిలో మునిగియుండుట మీలో పలువురు చూచియే యుందురు. అది టెలిఫోను కాదు. ఆటలాడుటకై చేయబడిన యంత్రము. రాత్రి భోజనములైన పిమ్మట ఆ బాలుడే దానిని దెచ్చి, టెలివిజన్ ప్రక్కనున్న యొక పీఠములో నిలువుగా దింపును. వెంటనే ఆ యాట, అరుగుమీద ఎచ్చట నిలిచెనో అచ్చటినుండియే, పెద్ద తెరమీద సాగును. ఇంతలో వాని చెల్లెలు వచ్చి, “నా వంతు ఎప్పుడు?” అని యడుగును. తగవు మొదలగును. ఆ తగవు తీర్పవలసినవారు మీరే గనుక, ఈ యంత్రమును గూర్చి నాలుగు మాటలు మీకు తెలియుట మంచిదని నా తలంపు.

చెల్లెలికి వేరొక యంత్రము కొనవచ్చును గదా యందురేమో. కొనవచ్చును. కాని రెండవదానికి పీఠమెందులకు? ఇంటిలో టెలివిజన్ ఒక్కటియే. అది అన్నగారి యంత్రమునకే సరిపోవుచున్నది. ఆ పీఠమును, దానికి సంబంధించిన యేర్పాటును తీసివేసి, చేతిలో మాత్రమే ఆడుకొనదగిన యంత్రమును తక్కువ ధరకు అమ్మినచో నేమి? ఇది మనము కల్పించుకొన్న ప్రశ్న కాదు. 2019 లో జపాను దేశపు కంపెనీ యొకటి దీనికి అవునని బదులు చెప్పి, అట్టి యంత్రమును చేసి యమ్మినది. 2025 లో వారి క్రొత్త యంత్రము వచ్చుటతో అదే ప్రశ్న మరల తలయెత్తినది.

ఆ కంపెనీ పేరు నింటెండో. క్యోటో నగరమున 1889 లో ఫుసాజిరో యమౌచి యనునతడు దానిని స్థాపించెను. మొదట వారు చేసినవి పూలబొమ్మల పేకముక్కలు. జపానులో వానిని హనాఫుడా యందురు. ఎలక్ట్రానిక్ ఆటలలోనికి వారు వచ్చుట ఎనుబది యేండ్లు దాటిన తరువాతి మాట. 1980 లో గున్‌పే యొకోయి యను ఇంజనీరు గేమ్ అండ్ వాచ్ అను చేతి యాటబొమ్మలను రూపొందించెను. 1983 లో టెలివిజన్‌కు తగిలించు ఫామికామ్ అను ఇంటి యంత్రము వచ్చెను. 1989 లో గేమ్ బాయ్ అను చేతి యంత్రము వచ్చెను. అప్పటినుండి చాలకాలము ఆ కంపెనీ రెండు కాపురములు నడిపినది: ఇంటి యంత్రములది యొకటి, చేతి యంత్రములది యొకటి. దేని యాటలు దానివే.

గేమ్ బాయ్ సంగతి కొంచెము నిలిచి చెప్పవలయును. దాని తెరకు రంగులు లేవు. వెనుకనుండి వెలుగు లేదు. పసరురంగు నేలమీద ముదురు నీడలవలె బొమ్మలు కదలెడివి. ఇంచుమించు ఆ దినములలోనే అటారి లింక్స్, సెగా గేమ్ గేర్ అను యంత్రములు రంగుల తెరలతో వెలుగుచు వచ్చినవి. చూచుటకు అవియే అందము. కాని వానికి ఆరేసి బ్యాటరీలు వలయును; అవియు కొద్ది గంటలలోనే నీరసించును. గేమ్ బాయ్‌కు నాలుగు చాలును. పది గంటలకు పైగా నడచును. పైగా ధర తక్కువ, దెబ్బకు తట్టుకొను దేహము. చివరకు గెలిచినది ఆ రంగులేనిదియే. తీసివేయుట కూడ నొక విద్యయే యని దీనివలన తెలియుచున్నది. ఏది తీసినచో ఆటకు లోటు రాదో, అదియే తీయవలయును.

ఆ విద్యను వారు మరల 2013 లో చూపిరి. అంతకు రెండేండ్ల ముందు, కండ్లద్దములు లేకయే బొమ్మకు లోతు చూపెడి త్రీడీఎస్ అను యంత్రమును 25,000 యెన్నులకు జపానులో విడుదల చేసిరి. అనుకొన్నట్లు అమ్ముడుపోలేదు. ఆరు నెలలు తిరుగకముందే ధరను 15,000 కు దించవలసి వచ్చెను. తరువాత 2013 లో ఆ లోతు చూపును, మడత కీలును తీసివేసి, టూడీఎస్ అను పేర 130 డాలర్లకు అమ్మిరి. ఆరేండ్లును అంతకు లోపును వయసుగల పిల్లలు ఆ లోతు తెరను వాడరాదని కంపెనీవారే హెచ్చరించి యుండిరి గనుక, అట్టి పిల్లలకు అది లేకుండుట లోటు కాదు, మేలే.

ఇంటి యంత్రముల కాపురము మాత్రము చెడినది. 2012 లో వచ్చిన వీ యూ అనునది మొత్తముమీద 1 కోటి 36 లక్షలకు మించి పోలేదు. రెండు యంత్రములకు రెండు తీరుల ఆటలు చేయుట పనివారికి భారమైనది. అందుచేత 2017 మార్చి 3 వ తేదీన రెండు కాపురములను ఒక్కటిగా గలిపి, స్విచ్ అను పేర నొక యంత్రమును తెచ్చిరి. నడుమ 6.2 అంగుళముల తెరగల పలక. దానికి ఇరుప్రక్కల జారుడుగాడిలో దింపిన రెండు పట్టులు. ఈ పట్టులను జాయ్‌కాన్లందురు. వానిని ఊడదీసి, పలకను బల్లమీద నిలిపి, ఇద్దరు చెరియొకటి పట్టుకొని యాడవచ్చును. అటుగాక పలకను పీఠములో దింపి టెలివిజన్‌లో చూచుచు ఆడవచ్చును. చేతిలో బట్టుకొనియు ఆడవచ్చును. ఈ మూడు రీతుల నడుమ మారుటయే దాని పేరునకు అర్థము. అమెరికాలో 300 డాలర్లకు విడుదలయ్యెను. అన్ని విధములవి కలిసి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

ఇక 2019 సెప్టెంబరు 20 వ తేదీన వచ్చిన స్విచ్ లైట్ మాటకు వత్తము. తెర 5.5 అంగుళములు. బరువు 398 గ్రాములనుండి 275 గ్రాములకు దిగినది. పట్టులు ఊడవు, దేహముతో నేకమై యుండును. పీఠము లేదు, వేరే పీఠము దెచ్చినను టెలివిజన్‌లో బొమ్మ రాదు. ధర 200 డాలర్లు, అనగా మూడింట నొకవంతు తగ్గినది. ఆ సమయమునకు లోపలి చిప్పు కూడ సవరింపబడి, తక్కువ విద్యుత్తుతో నడచునదైనది. అందువలన చిన్న బ్యాటరీ పెట్టియు మూడు మొదలు ఏడు గంటలవరకు ఆడింప గలిగిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, ముందు పనికివచ్చును.

“మారుటయే పేరుగా గలది మారకపోయినచో దానికి ఆ పేరెందులకు?” అని అప్పుడు కొందరు పరిహసించిరి. పరిహాసమైనను అందులో పస లేకపోలేదు. ఒంటరిగా నొక కుటుంబము కొను మొదటి యంత్రము లైట్ అయినచో, ఆ యింట నలుగురు కూడి యాడు ఆట యుండదు. తల్లిదండ్రులు బిడ్డ యేమి యాడుచున్నాడో చూడవలెనన్న వాని భుజముమీదినుండి తొంగిచూడవలసినదే. పెద్ద తెరమీద ఆట పదిమంది యెదుట జరుగును. చేతి తెరమీద ఆట ఒంటరితనములో జరుగును. ఈ భేదము చిన్నది కాదని నా యభిప్రాయము.

కాని రెండవ యంత్రము మాట వేరు. 2020 మార్చిలో, కోవిడ్ భయముచేత జనులు ఇండ్లలో చిక్కుకొన్న దినములలో, యానిమల్ క్రాసింగ్ అను ఆట వచ్చినది. ఆటగాడు ఒక దీవిలో ఇల్లు కట్టుకొని, చేపలు పట్టి, చెట్లు నాటి, ఇరుగుపొరుగుతో కాలము గడుపుటయే అందులోని ఆట. నిరపాయమైన వినోదము. అయితే ఒక యంత్రమునకు ఒక్క దీవియే. ఇంటిలో మొదట ఆరంభించినవానిదే దీవిమీద పెత్తనము. తరువాత వచ్చినవారు వాని దీవిలో కాపురముండవలసినదే. ఉమ్మడి కుటుంబములెరిగిన మీకు ఇందలి చిక్కు నేను విప్పి చెప్పనక్కరలేదు. చెల్లెలికి వేరు దీవి కావలెనన్న వేరు యంత్రము కావలయును. అట్టి యింట 200 డాలర్ల లైట్ సరియైన బదులు. లైట్ యంత్రములు 2 కోట్లకు పైగా అమ్ముడుపోయినవనగా, ఇట్టి అవసరము గలవారు కొద్దిమంది కారని యెంచవచ్చును.

ఇప్పుడు అసలైన తప్పు చెప్పెదను. ఈ యంత్రములలో బొటనవ్రేలితో త్రిప్పు చిన్న పుల్ల యొకటి ప్రతి పట్టునను ఉండును. ఆటలోని మనిషిని నడపునది అదియే. దాని లోపల నొక సన్నని లోహపు తునక నల్లని పూతమీద రాచుకొనుచుండును. రాచుకొన్న కొలది పూత యరుగును. అరిగినప్పుడు పుల్లను ముట్టకపోయినను ఆటలోని మనిషి తనంత తానే ప్రక్కకు నడచుచుండును. స్విచ్ యంత్రములలో ఈ జాడ్యము ఎంతగా వ్యాపించినదనగా, 2019 లో అమెరికా న్యాయస్థానములలో వ్యాజ్యములు పడినవి. 2020 జూనులో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వాటాదార్ల సభయందు, కొన్నవారికి కలిగిన యిబ్బందికి క్షమాపణ చెప్పెను. పెద్ద స్విచ్‌లోనైతే పుల్ల చెడిన పట్టును ఊడదీసి వేరొకటి తగిలించవచ్చును. లైట్‌లో అది సాధ్యము కాదు; మొత్తము యంత్రమునే బాగుచేయువారి యొద్దకు పంపవలయును. నాగలి కర్రు అరిగినచో కర్రునే కమ్మరి కొలిమికి గొనిపోవుదుము గాని, నాగలిని, కాడిని, ఎద్దులను కూడ నచ్చట విడిచి వచ్చుటలేదు గదా! డబ్బు తక్కువగా గల యింటికై చేసిన చౌక వస్తువునకే బాగుచేయు ఖర్చు ఎక్కువగుట నాకు న్యాయముగా దోచలేదు. గేమ్ బాయ్ నాడు తీయదగినది తీసిరి. లైట్ నాడు తీయరానిదానిని గూడ కలిపి తీసిరి.

2025 జూన్ 5 వ తేదీన స్విచ్ 2 వచ్చినది. అమెరికాలో విడుదల ధర 450 డాలర్లు. తెర 7.9 అంగుళములు, పట్టులతో గూడి బరువు అర కిలోగ్రాము దాటును. నాలుగు దినములలో 35 లక్షలు అమ్ముడుపోయినవి. “ఇంత వేగముగా పోవుచుండగా చౌక రకమెందులకు?” అని యడుగువారున్నారు. మొదట పరుగెత్తి కొనువారు డబ్బు గలవారును, పట్టుదల గలవారును. చెల్లెలికి రెండవ యంత్రము కొనదలచినవారు, ఎనిమిదేండ్ల పిల్లవాని చేతికి అర కిలో బరువుగల ఖరీదైన వస్తువు నిచ్చుటకు జంకువారు తరువాత వత్తురు. వారికి తలుపు తెరచి యుండవలయును. ఆ తలుపు నానాటికి ఇరుకగుచున్నది. 2025 ఆగష్టులో అమెరికాలో పాత లైట్ ధరను సైతము 200 నుండి 230 డాలర్లకు పెంచిరి. ఆరేండ్ల నాటి యంత్రమునకు ధర పెరుగుట ఈ వ్యాపారమున మునుపు అరుదు.

జపానులో మాత్రము వేరొక యుపాయము పన్నిరి. జపాను భాష తప్ప వేరు భాష రాని స్విచ్ 2 ను 49,980 యెన్నులకును, అన్ని భాషలు గలదానిని 69,980 కిని విడుదల చేసిరి. యంత్రములో నేమియు తీయకయే స్వదేశీయులకు ధర తగ్గించిరన్నమాట. తెలివైన పనియే. కాని తక్కిన దేశములవారికి దానివలన ఫలము లేదు.

అయితే స్విచ్ 2 కు లైట్ వంటిది వెంటనే చేయ వీలగునా? ఇచ్చట నిందాక జ్ఞాపకముంచుకొనుమన్న సంగతి పనికివచ్చును. క్రొత్త యంత్రములోని బ్యాటరీ 5,220 మిల్లీ ఆంపియర్ గంటలది. అయినను ఆటను బట్టి రెండు మొదలు ఆరున్నర గంటలే వచ్చును. చిన్న దేహములో చిన్న బ్యాటరీ పెట్టినచో ఆ రెండు గంటలు కూడ నిలువవు. చిప్పు తక్కువ విద్యుత్తుతో నడచునదిగా సవరింపబడువరకు ఆగవలసినదే. పాత స్విచ్ విషయమున రెండున్నరేండ్లు ఆగిరి. ఇంతేకాక పీఠము, ఊడు పట్టులు, కొంత తెర తీసివేసినను, చిప్పును జ్ఞాపకశక్తి చిప్పులను తీయుటకు వీలులేదు. అవి లేక క్రొత్త ఆటలు నడువవు. యంత్రములో బరువైన ఖర్చు అందే యున్నది. కావున తగ్గింపు పదింట నొకవంతు మాత్రమే యగునేమో యను భయము కలదు. అట్లయినచో దానిని కొనుటకంటె కొంత కాలము ఆగి పూర్తి యంత్రమునే కొనుట మేలు.

నా తీర్పు చెప్పెదను. చౌక రకము కావలయును; కాని మూడింట నొకవంతు ధర తగ్గినప్పుడే కావలయును. పీఠము ఇయ్యనక్కరలేదు, ఆ దారిని పూర్తిగా మూసివేయనును అక్కరలేదు. బాలిక పెరిగి, చేతిలో నాలుగు డబ్బులు కూడినపుడు పీఠము కొని టెలివిజన్‌కు తగిలించుకొనుటకు వీలుంచవలయును. ఇల్లు కట్టినప్పుడే రెండవ గదికి గోడలో చోటు విడుచుట మనకు క్రొత్త గాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పుల్ల యొక మేకు విప్పి మార్చుకొన దగినదై యుండవలయును. లేదా రాపిడి లేక అయస్కాంతము సహాయముతో కదలికను గుర్తించు తరహాదై యుండవలయును. అట్టివి ఇతర కంపెనీలు చేసి యమ్ముచునే యున్నవి. స్విచ్ 2 లో మాత్రము వారు మరల రాపిడి తరహానే వాడిరి.

ఇంతలో మీ మనుమరాలికై ఎవరైన పాత లైట్ కొనదలచినచో, ఆట పెట్టె వెనుకవైపు చూడుమని చెప్పుడు. టెలివిజన్, బల్ల, చేయి యను మూడు రీతులకు మూడు చిన్న బొమ్మలు అచ్చువేసి యుండును. చేతిలో బట్టుకొన్నట్లున్న బొమ్మ అందు లేనిచో, ఆ యాటను లైట్‌లో ఆడుటకు ఊడు పట్టులు వేరే కొనవలసి వచ్చును.