పెరట్లో గన్నేరు - పాడికి గండం

పూజకు పూలుంటాయని దాదాపు ప్రతి పెరట్లోనూ ఓ గన్నేరు చెట్టు వేసుకుంటారు. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. మేకలు కూడా ముట్టవని కొందరు దాన్నే కంచెగా నాటుతున్నారు. జాతీయ రహదారుల మధ్య బారులు తీరి పూసేదీ ఇదే.

పశువు ముట్టదన్న మాట సగమే నిజం. పచ్చి ఆకు చేదు కాబట్టి నోరు పెట్టి వదిలేస్తుంది. చిక్కంతా కొమ్మలు నరికినప్పుడు వస్తుంది. గోడ అవతల పారేసిన కొమ్మల ఆకు నాలుగు రోజుల్లో ఎండి చేదు తగ్గుతుంది. విషం మాత్రం తగ్గదు. గాలికి ఎగిరి చొప్పలోనో, పచ్చగడ్డి మోపులోనో కలిస్తే గేదె దాన్ని ఏరి పారేయలేదు. ఎండాకాలం మేత కరువైన రోజుల్లో ఇక చెప్పనక్కరలేదు.

పది, ఇరవై ఆకులు చాలు, పెద్ద పశువు ప్రాణం పోవడానికి. 300 కిలోల ఆవుకు ఎండాకు 15 గ్రాములు, అంటే గుప్పెడు కూడా కాదు. ఈ విషం నేరుగా గుండెను పట్టుకుంటుంది. కొద్ది గంటల్లోనే చొంగ కారడం, మేత మానడం, పారుకోవడం కనిపిస్తాయి. గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ఇవేమీ కంటబడకముందే పశువు కూలిపోతుంది. పాము కరిచిందనుకునేవారూ, ఎవరో గిట్టనివారు మందు పెట్టారని అనుమానించేవారూ ఉన్నారు. ఆ అనుమానాలతో ఇరుగుపొరుగు మధ్య తగవులు రేగుతాయి.

కేరళలో 2024లో గన్నేరు ఆకు తిని ఆవు, దూడ చనిపోయినట్టు వార్తలు వచ్చాయి. ఒక యువతి మరణానికీ ఈ చెట్టే కారణమన్న అనుమానం తలెత్తడంతో ఆ ఏడాది మే నెలలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూల వాడకాన్ని ఆపేసింది.

పచ్చగన్నేరు కూడా ఇంత ప్రమాదకరమైనదే. దాని కాయల్లోని గింజ మరీ విషం. ఇంటి ముందు కుండీల్లో పెంచే ఎడారి గులాబీ కూడా ఈ కుటుంబానిదే. మనీప్లాంటు ఆకు కొరికిన కుక్కపిల్లకు నోరు మండి చొంగ కారుతుంది గానీ, సాధారణంగా ప్రాణానికి ముప్పు ఉండదు.

నరికిన కొమ్మల్ని పెంటకుప్ప మీద వేయకుండా గొయ్యి తీసి పూడ్చాలి. కాల్చితే పొగ కూడా మంచిది కాదు. కుడితి తొట్టి మీదకు వంగిన కొమ్మలుంటే ముందు వాటిని కొట్టేయాలి.

పశువు ఆకు తిన్నదని తెలిస్తే నడిపించకూడదు, పరిగెత్తించకూడదు. గుండె మీద భారం పడుతుంది. నూనె, మజ్జిగ బలవంతంగా గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నీడన కట్టి, పశువైద్యుడికి గానీ 1962కు గానీ వెంటనే ఫోను చేయాలి. తిన్న ఆకులు నాలుగు ఏరి ఉంచితే వైద్యుడికి పని సులువవుతుంది.

చనిపోయిన పశువును పూడ్చేముందు వైద్యుడికి చూపించాలి. పొట్టలో ఆకు ముక్కలు దొరికితే కారణం తేలుతుంది. బీమా చేయించినవారికి ఆయన ఇచ్చే ధ్రువపత్రం లేనిదే సొమ్ము రాదు.