ఈకల వన్నె - ఆహారము

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములు మిరప పంటకు పేరొందినవి. కోతల కాలమున పండుమిరపకాయలను కళ్లములలో నెరపి యెండబెట్టుదురు. అప్పుడు పల్నాటి నేలపై ఎఱ్ఱని తివాచీ పఱచినట్లుండును. ఆ కాయలకు ఎఱ్ఱదనము నొసగునవి కెరొటినాయిడులను పదార్థములు. క్యారెట్టు దుంపకు నారింజవన్నెను, మొక్కజొన్న గింజకు పసుపువన్నెను కలిగించునవియు ఆ జాతివే. పక్షుల యీకలకును ఈ పదార్థములకును గల సంబంధము మిగుల వింతయైనది.

చెట్లు, నాచు మొదలగునవి కెరొటినాయిడులను స్వయముగా తయారు చేసికొనును. పక్షులకు ఆ శక్తి లేదు. అవి పండ్లను తినియో, ఆకులు మేసిన పురుగులను తినియో వానిని సంపాదింపవలెను. తిన్న రంగు నెత్తురులో కలిసి, ఈక మొలచు కుదురును చేరి, పెరుగుచున్న యీకలో నిలిచిపోవును. నల్లని రెక్కలు గల వంగపండు పిట్ట మేని పసుపును, వానకాలమున మగ గిజిగాని తలపై మెఱయు పసుపును ఇట్లు తిండినుండి వచ్చినవే.

నెల్లూరు సీమకు దక్షిణమున, సూళ్లూరుపేట చెంతనున్న పులికాట్ సరస్సునకు శీతకాలమున రాజహంసలు గుంపులుగా వచ్చును. వీనినే ఆంగ్లమున ఫ్లెమింగోలందురు. వీని పిల్లలు బూడిదవన్నెతో నుండును. ఉప్పునీటిలోని నాచును, సన్నని రొయ్యజాతి ప్రాణులను ఏండ్ల తరబడి తినుటచే వాని మేనికి గులాబిచాయ, రెక్కలకు కెంపువన్నె అబ్బును. జంతుప్రదర్శనశాలలలో అట్టి మేత లభింపనిచో ఇవి క్రమముగా వెలవెలబోవును. అందుచే అచ్చటివారు వాని మేతలో కెరొటినాయిడులను కలిపి పెట్టుదురు.

మిరపకాయయే పిట్ట రంగును మార్చిన వృత్తాంతము కూడ కలదు. 1870 తరువాత ఇంగ్లండులో కెనరీ పిట్టలను పెంచు కొందఱు వానికి ఎఱ్ఱమిరప పొడిని మేపి చూచిరి. పసుపుపచ్చని పిట్టలు నారింజవన్నెకు మాఱినవి! అయితే అందొక నియమము కలదు. పాత యీకలు రాలి క్రొత్తవి మొలచు దినములలోనే ఆ మేత పెట్టవలెను. పూర్తిగా పెరిగిన యీక మన గోరువలె నిర్జీవమైనది. దానికి క్రొత్త రంగు ఎక్కదు. మరుసటి యేట మిరప మేపనిచో పిట్టకు మరల పసుపు యీకలే వచ్చును.

అట్లయిన మిరపపండ్లను ఇష్టముగా తిను రామచిలుక ఏల ఎఱ్ఱబడదు? మనకు మంట పుట్టించు కారము పక్షులను బాధింపదు గనుక చిలుక వానిని సుఖముగా తినగలదు. కాని చిలుకలు తిండిలోని కెరొటినాయిడులను ఈకలలోనికి చేర్చుకొనవు. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటింపబడిన రామచిలుక మగదాని మెడకు గులాబి హారము గదా! ఆ రంగును చిలుక తన యొడలిలోనే తయారు చేసికొనును. కాకి నలుపు మెలనిన్ అను రంగు వలన కలుగును. అదియు దేహమునందు తయారగునదే. దసరానాడు మనము దర్శించు పాలపిట్ట నీలమునకు ఏ రంగుపదార్థమును కారణము కాదు. ఈకలోని అతిసూక్ష్మమైన నిర్మాణము వెలుతురులోని నీలకాంతిని వెనుకకు పంపుటచే అట్లు కనబడును. ఆ యీకను నూరి పొడిచేసినచో నీలము మాయమగును.

రంగు తిండినుండి రాకున్నను, ఈకకు బలము తిండినుండియే రావలెను. ఈకలో పది పాళ్లలో తొమ్మిది పాళ్లకు పైగా మాంసకృత్తులే. ఈక పెరుగు కాలమున పక్షి ఆకలిగొన్నచో ఈకపై అడ్డముగా సన్నని గీతలు పడును. ఆ గీతలున్న చోట ఈక సులభముగా విఱుగును. అమెరికాలో హౌస్ ఫించ్ అను పిట్టలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, మంచి మేత దొరకిన మగపిట్టలకే చక్కని ఎఱ్ఱదనము కలుగుననియు, ఆడపిట్టలు అట్టివానినే వరించుననియు కనుగొనిరి. రోగము సోకిన పిట్టలకు వన్నె తగ్గును. కావున ఈక పక్షి తిన్న తిండిని, అనుభవించిన ఆరోగ్యమును తెలుపు చిట్టా వంటిది.

ఆ తిండి విషమైనచో ఏమగును? పశువులకు నొప్పి తగ్గించుటకై వాడిన డైక్లోఫినాక్ అను మందు వాని కళేబరముల ద్వారా రాబందుల కడుపు చేరి, 1990 తరువాత మన దేశమున వానిని లక్షలకొలది చంపినది. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. అప్పటికే రాబందులు మిగుల అరుదైపోయినవి.

మన పొలములలోని పిట్టలకును ఈ పాఠము వర్తించును. గింజలు తిను పిచ్చుకయు గిజిగాడును తమ పిల్లలకు మొదట పెట్టునవి మెత్తని పురుగులే. మిరప, ప్రత్తి చేలలో మితిమీరి మందు చల్లినచో పైరును తిను పురుగులతోపాటు పిట్టపిల్లల కూడును నశించును. అవసరమున్నంతవఱకే మందు వాడుట, గట్లపై చెట్లను పొదలను నిలుపుట పక్షులకు అన్నము పెట్టుటయే. మిరపచేనిపై నెగురు పిట్ట యీక నిగనిగలాడుచున్నచో, ఆ పొలమున దానికి మంచి కూడు దొరకుచున్నదని మనము సంతోషింపవచ్చును.